వారధికి అటూ ఇటూ పెట్రోలు ధర

యానాం పెట్రోలు బంకుల దగ్గర సాయంత్రం పూట ఓ పావుగంట నిలబడి చూడండి. వచ్చే బళ్ళలో చాలావాటికి ఆంధ్రప్రదేశ్ నంబరు పలకలే కనిపిస్తాయి. ఎదుర్లంక వారధి దాటి వచ్చినవి కొన్ని, తాళ్లరేవు వైపు నుంచి వచ్చినవి కొన్ని. అమలాపురం నుంచి కాకినాడ పోయే లారీ డ్రైవరు ట్యాంకు ఎక్కడ నింపాలో బయలుదేరక ముందే లెక్క వేసుకుంటాడు. కారణం మీకు నేను చెప్పనక్కరలేదు. కంపెనీలు అవే, సరుకూ అదే, అయినా లీటరుకు పది రూపాయలకు పైగా తేడా. ఆ తేడా ఎక్కడ పుడుతోంది, అసలు లీటరు ధర ఎవరు కడుతున్నారు అన్నది ఈవేళ మాట్లాడుకుందాం.

బంకులో మనం ఇచ్చే డబ్బు నాలుగు చేతుల్లోకి వెళుతుంది. శుద్ధి చేసిన నూనె ధర, దాన్ని బంకు దాకా చేర్చే రవాణా ఖర్చు కంపెనీకి చెందుతాయి. ఎక్సైజు సుంకం కేంద్ర ప్రభుత్వానిది. లీటరుకు మూడు నాలుగు రూపాయల కమీషను బంకు యజమానిది. వీటన్నిటి మొత్తం మీద వేసే వ్యాటు, అంటే అమ్మకపు పన్ను, రాష్ట్రానిది. యానాం సంగతి వచ్చేసరికి పుదుచ్చేరి ప్రభుత్వానిది.

ఒక లెక్క చేసి చూద్దాం. లెక్క సులువుగా ఉండడానికి వ్యాటు పడక ముందు లీటరు పెట్రోలు 80 రూపాయలు అనుకోండి. 2025 నాటి రేట్ల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాని మీద 31 శాతం వ్యాటు పడుతుంది, అంటే 24 రూపాయల 80 పైసలు. అది చాలక లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాటు, రోడ్ల అభివృద్ధి పేరిట ఒక రూపాయి సెస్సు. మొత్తం 109 రూపాయల 80 పైసలు. అదే 80 రూపాయల పెట్రోలు మీద యానాంలో 17 శాతం పైచిలుకు వ్యాటు మాత్రమే. అంటే 14 రూపాయలు కలిపితే 94 చిల్లర. నూనె ధరలో తేడా లేదు, ఢిల్లీ వేసే సుంకంలో తేడా లేదు. తేడా అంతా ఈ చివరి మెట్టు దగ్గరే.

ఇందులో మరో కిటుకు ఉంది. కేంద్రం సుంకాన్ని లీటరుకు ఇన్ని రూపాయలని వేస్తుంది. పెంచాలంటే ఉత్తర్వు ఇవ్వాలి, అది పేపర్లో పడుతుంది, నలుగురూ తిడతారు. రాష్ట్రం వేసేది శాతం. నూనె ధర పెరిగినా, కేంద్రం సుంకం పెంచినా రాష్ట్రానికి వచ్చే డబ్బు తనంతట తానే పెరుగుతుంది. ఏ ఉత్తర్వూ అక్కరలేదు. అంటే పన్ను మీద కూడా పన్ను కడుతున్నామన్నమాట.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ 4 రూపాయలకు చిన్న కథ ఉంది. రాష్ట్ర విభజన తరువాత ఖజానాకు లోటు వచ్చిందని 2015 ఫిబ్రవరిలో వేశారు. 2018 సెప్టెంబరులో రెండు రూపాయలు తగ్గించారు. 2020లో మళ్ళీ 4 చేసి, రోడ్ల సెస్సు కూడా చేర్చారు. ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, అవసరం మాత్రం మారలేదు. జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలు తమ ఇష్టప్రకారం రేటు మార్చుకోగల పెద్ద పన్నులు రెండే మిగిలాయి, మద్యం మీదా పెట్రోలు డీజిలు మీదా వేసేవి. అందుచేత డబ్బు కావలసి వచ్చినప్పుడల్లా చెయ్యి అటే పోతుంది.

మరి పుదుచ్చేరికి డబ్బు అవసరం లేదా? ఉంది. కేంద్రపాలిత ప్రాంతం కనుక ఆర్థిక సంఘం రాష్ట్రాలకు పంచే వాటాలో దానికి భాగం లేదు, కేంద్రం ఇచ్చే గ్రాంటు మీద ఆధారపడాలి. అయినా పన్ను తక్కువగా ఉంచడంలో తెలివి ఉంది. ముప్ఫై చదరపు కిలోమీటర్ల యానాంలో ఉన్న బళ్ళెన్ని? చుట్టూ ఉన్న కోనసీమ, కాకినాడ జిల్లాల బళ్ళెన్ని? రేటు తక్కువైతే పక్కింటివారు కూడా వచ్చి మన ఖజానాకే పన్ను కడతారు. పుదుచ్చేరిలోని నాలుగు ప్రాంతాలకూ ఒకే రేటు లేకపోవడం గమనించండి. కేరళ మధ్యన ఉన్న మాహేకు ఒక రేటు, మన యానాంకు మరొకటి. 2025 జనవరి 1 నుంచి అక్కడ కూడా వ్యాటు పెంచారు, లీటరుకు సుమారు రెండు రూపాయలు పెరిగింది. అయినా రద్దీ తగ్గలేదు.

సరిహద్దు దాటితే చట్టం మారడం యానాంకు కొత్త కాదు. 1930లో శారదా చట్టం అమలులోకి వచ్చినప్పుడు, ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఈ ఊరికి వచ్చి చిన్నపిల్లల పెళ్ళిళ్ళు చేసుకుపోయేవారు. దానివల్లే యానాంకు కల్యాణపురం అన్న పేరు కూడా వచ్చింది. ఆ రోజుల్లో పెళ్ళిబళ్ళు వస్తే ఈ రోజుల్లో లారీలు వస్తున్నాయి. నష్టపోయేది ఇంజరం, తాళ్లరేవు, ముమ్మిడివరం వైపు బంకులు నడుపుకునేవారు. వారు చేసిన తప్పేమీ లేదు. బండి ట్యాంకులో పోయించుకుని వెళ్ళే మనిషి తప్పు కూడా లేదు. డ్రమ్ముల్లో పట్టుకెళ్ళి అవతల అమ్మితే మాత్రం అది పన్ను ఎగవేత, పైగా లైసెన్సు లేని నేరం. ఇంట్లో ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్రోలు దాచడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

ఇప్పుడు మొదటి భాగానికి, అంటే నూనె ధరకు వద్దాం. “మన గోదావరి తీరంలోనే చమురు తీస్తున్నారు కదా మాస్టారూ, మనకెందుకు చవగ్గా ఇవ్వరు?” అని పిల్లలు అడుగుతుంటారు. మంచి ప్రశ్న. రవ్వ క్షేత్రపు చమురు ఒడ్డుకు చేరేది కోనసీమలోని సూరసాని యానాం దగ్గర, పేరు కలిసినా అది మన యానాం కాదు. 2024 జనవరిలో కాకినాడకు ఎదురుగా లోతు సముద్రంలో ఓఎన్‌జీసీ కూడా చమురు తీయడం మొదలుపెట్టింది. కానీ దేశానికి కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతి సరుకే. అందుచేత ఇక్కడి చమురుకు కూడా ప్రపంచ మార్కెట్టు ధరే కడతారు. పక్క పొలంలో పండిన ధాన్యానికి కూడా మార్కెట్టు యార్డు ధర అడిగినట్టే. 2006లో రంగరాజన్ సంఘం, మన రాష్ట్రానికి గవర్నరుగా పనిచేసిన సి. రంగరాజన్ గారే, ఒక సూత్రం చెప్పింది. పెట్రోలు, డీజిలు ధరలో 80 పాళ్ళు దిగుమతి ధరను బట్టి, 20 పాళ్ళు ఎగుమతి ధరను బట్టి కట్టాలని. దేశంలో శుద్ధి చేసిన నూనెకు కూడా విదేశీ కొలబద్దే అన్నమాట.

పూర్వం ఇలా ఉండేది కాదు. 1970ల నుంచి 2002 మార్చి దాకా ధరలు ప్రభుత్వమే నిర్ణయించేది. పెట్రోలు మీద ఎక్కువ రాబట్టి, కిరసనాయిలు, వంట గ్యాసు, డీజిలు చవగ్గా ఇచ్చేవారు. జమాఖర్చులు సర్దడానికి ఆయిల్ పూల్ అనే ఖాతా ఉండేది. స్కూటరువాడు కట్టిన డబ్బుతో గుడిసెలో దీపం వెలిగేదని చెప్పుకోవచ్చు. కిరసనాయిలు కలిపిన డీజిలుతో ఇంజన్లు పాడైన సంగతి కూడా చెప్పుకోవాలి మరి. 2002 ఏప్రిల్ 1న ఆ పద్ధతి ఎత్తివేశారు. కాగితం మీద మాత్రమే. ధరలు పెంచడానికి మనసొప్పక, కంపెనీల నష్టాలకు బదులు బాండ్లు రాసి ఇచ్చారు. పెట్రోలును 2010 జూన్‌లో, డీజిలును 2014 అక్టోబరులో నిజంగా వదిలారు. 2017 మే 1న రోజువారీ ధరల ప్రయోగం అయిదు ఊళ్ళలో మొదలైతే, వాటిలో విశాఖపట్నం ఒకటి, పుదుచ్చేరి ఒకటి. జూన్ 16 నుంచి దేశమంతటా వచ్చింది.

రోజూ మారవలసిన ధర ఎప్పుడు ఆగిందో చూడండి. 2021 నవంబరు 4 నుంచి 2022 మార్చి 22 దాకా, అయిదు రాష్ట్రాల ఎన్నికల కాలంలో, 137 రోజులు కదల్లేదు. ఆ మార్చిలోనే ఉక్రెయిన్ యుద్ధంతో ముడి చమురు పీపా 130 డాలర్లు దాటింది. ఫలితాలు వచ్చాక రెండు వారాల్లో లీటరుకు పది రూపాయలు పెంచారు. ఆ తరువాత కంపెనీలు మళ్ళీ 2024 మార్చి 15 దాకా ముట్టుకోలేదు. లోక్‌సభ ఎన్నికల తేదీలు ప్రకటించడానికి ముందు రోజు రెండు రూపాయలు తగ్గించారు. ధర కంపెనీలదే అంటారు, పెద్ద కంపెనీలు మూడూ ప్రభుత్వానివే.

చమురు చవకైనప్పుడు ఏమైందో కూడా తెలియాలి. 2014 నవంబరు నుంచి 2016 జనవరి దాకా కేంద్రం తొమ్మిది సార్లు సుంకం పెంచింది. 2020లో కరోనా వచ్చి పీపా 20 డాలర్ల కిందికి పడినప్పుడు, మే నెలలో ఒక్క రాత్రిలో పెట్రోలు మీద 10, డీజిలు మీద 13 రూపాయల సుంకం పడింది. బంకులో ధర ఆ మర్నాడు కదలలేదు కనుక ఎవరికీ నొప్పి తెలియలేదు. మనకు దక్కవలసిన తగ్గుదల ఖజానాకు పోయింది. తరువాత 2021 నవంబరులోనూ, 2022 మేలోనూ తగ్గించారు. ఆ సుంకంలో రాష్ట్రాలతో పంచుకునే భాగం చాలా చిన్నది. 2021లో పెట్రోలు మీద అది లీటరుకు రూపాయీ నలభై పైసలు. మిగతాది సెస్సు, ప్రత్యేక సుంకం పేరుతో ఢిల్లీలోనే ఉండిపోతుంది. రాష్ట్రాలు వ్యాటు వదలకపోవడానికి అదొక కారణం.

ఆ భారం ఎవరి మీద పడుతుంది? షేరు ఆటోవాడి మీద, వరికోత మిషను అద్దెకు తెచ్చుకునే రైతు మీద, భైరవపాలెం వైపు వేటకు పోయే మరపడవ మీద. ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరులో మత్స్యకారుల డీజిలు రాయితీని లీటరుకు 6 రూపాయల 3 పైసల నుంచి 9 రూపాయలకు పెంచింది, ఆ కార్యక్రమం మన ముమ్మిడివరంలోనే జరిగింది. ఒక చేత్తో తీసుకున్న పన్నులో కొంత ఇంకో చేత్తో ఇవ్వడమే అది. కాకపోతే అది పడవకు దొరుకుతుంది, ఆటోకు దొరకదు.

అన్నిటినీ జీఎస్టీలో కలిపేస్తే సరి కదా అంటారు కొందరు. బంకులో అమ్మే ఇంజన్ ఆయిలు మీద 2017 జూలై నుంచి జీఎస్టీయే. పెట్రోలు, డీజిలు కూడా ఆ చట్టంలో ఉన్నాయి, కానీ ఎప్పటి నుంచి వేయాలో జీఎస్టీ మండలి చెప్పాలి. 2021 సెప్టెంబరు 17న లక్నోలో మండలి ఆ విషయం చర్చించి, ఇది సమయం కాదని వాయిదా వేసింది. కలిపిన నాడు వారధికి అటూ ఇటూ ధర దాదాపు ఒకటవుతుంది. తాళ్లరేవు బంకువారు ఊపిరి పీల్చుకుంటారు. యానాం బంకుల్లో పనిచేసే కుర్రాళ్ళలో కొందరికి పని పోతుంది. విజయవాడ, పుదుచ్చేరి రెండూ తమ రేటు తామే నిర్ణయించుకునే అధికారం వదులుకోవాలి. అందుకు రెండిట్లో ఏదీ ఇంతవరకు తొందరపడలేదు.