చదరంగం బల్ల ముందు మన పిల్లలు

గత కార్తీక మాసపు చలి మొదలైన రోజుల్లో, ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి బడి నుండి ఒక కరపత్రం తెచ్చింది. శ్రీకాకుళంలో మా ఇంటికి దగ్గరలోనే పిల్లలకు చదరంగం నేర్పే అకాడమీ ఒకటి తెరిచారట. వారానికి మూడు సాయంత్రాలు తరగతులు. "అమ్మీ, నేను చేరతాను" అంది. నేను జవాబు చెప్పేలోపే, తస్బీహ్ తిప్పుకుంటున్న మా అమ్మ తల ఎత్తింది.

"వద్దు తల్లీ. ఆ షత్రంజ్ మన గడప తొక్కకూడదు. అది నమాజును మింగేస్తుంది."

ఆమె మాట ఊరికే అన్నది కాదు. ఆమె చిన్నతనంలో ఆమె చిన్నాయన ఒకరు అంగడి తలుపులు మూసి మరీ అరుగు మీద చదరంగానికి కూర్చునేవారట. పందెం కాసేవారట. అజాన్ వినిపించినా లేచేవారు కాదట. ఆ ఇంట్లో పొయ్యి వెలగని రోజులను ఆమె కళ్లారా చూసింది. ఒక వైపు తల్లి అనుభవం, మరో వైపు బిడ్డ కోరిక. ఏది ధర్మమో తేల్చుకోకుండా అవుననడానికీ, కాదనడానికీ నాకు మనసు ఒప్పలేదు.

ధర్మవేత్తలు ఏమన్నారు?

దివ్యఖుర్ఆన్ అల్ మాయిదా సూరా 90, 91 ఆయతులు మద్యాన్నీ జూదాన్నీ నిషేధించాయి. అవి మనుషుల మధ్య వైరాన్ని రగిలిస్తాయనీ, దైవస్మరణ నుండి, నమాజు నుండి మరలిస్తాయనీ కారణం కూడా తెలిపాయి. పాచికలతో ఆడే నర్ద్ ఆటను దైవప్రవక్త (స) వారించినట్లు ప్రామాణిక హదీసు ఉంది. చదరంగం పేరెత్తి చెప్పిన ప్రామాణిక హదీసు మాత్రం లేదని హదీసు వేత్తల్లో పలువురు తేల్చారు. అరబ్బులకు ఈ ఆట పర్షియా విజయం తరువాతనే బాగా పరిచయమైంది. అందుకే దీనిపై ధర్మవేత్తల మధ్య అభిప్రాయభేదం ఏర్పడింది.

హనఫీ, మాలికీ, హంబలీ ధర్మవేత్తల్లో అత్యధికులు చదరంగాన్ని తీవ్రంగా అయిష్టపడ్డారు లేదా నిషిద్ధమన్నారు. ఇమామ్ షాఫయీ (రహ్మలై) దాన్ని ఇష్టపడకపోయినా, పందెం లేకుండా, నమాజు తప్పకుండా, నోరు జారకుండా ఆడితే నిషిద్ధమనలేదు. ఈ భేదం నేటికీ ఉంది. 2016 జనవరిలో సౌదీ గ్రాండ్ ముఫ్తీ చదరంగాన్ని తప్పుబట్టారు. 2017 డిసెంబరులో అదే దేశపు రాజధాని రియాద్‌లో ప్రపంచ ర్యాపిడ్ పోటీలు జరిగాయి. ఆ ర్యాపిడ్ కిరీటం మన విశ్వనాథన్ ఆనంద్‌కే దక్కింది. ఇరాన్‌లో విప్లవం తరువాత నిషేధానికి గురైన ఆటకు, జూదం ఉండకూడదన్న షరతుతో 1988లో తిరిగి అనుమతి లభించింది.

మన ప్రాంతంలో ఎక్కువ మంది హనఫీలమే. కనుక మా అమ్మ అభ్యంతరాన్ని పాతకాలపు ఛాందసమని తోసివేయడం అన్యాయం. నేనూ, మా వారూ మేము నమ్మే ఆలిమ్ దగ్గరకు వెళ్లి అడిగాము. ఆయన సూటిగా మూడు ప్రశ్నలు వేశారు: డబ్బు పందెం ఉందా? నమాజు వేళకు బిడ్డ లేవగలదా? చదువునూ ఇంటి బాధ్యతనూ ఆట తినేస్తుందా? వీటికి నిజాయితీగా సమాధానం చెప్పుకోగలిగితేనే ముందుకు వెళ్లమన్నారు. పాఠకులు కూడా తాము విశ్వసించే విద్వాంసులను సంప్రదించడం మంచిది.

బాగ్దాద్ నుండి విజయనగరం వరకు

భారతదేశపు చతురంగం పర్షియా మీదుగా అరబ్బు లోకానికి చేరి షత్రంజ్ అయింది. అబ్బాసీల కాలంలో అల్ అద్లీ, అస్సూలీ వంటి ఉద్దండులు దానిపై గ్రంథాలు రాశారు. 10వ శతాబ్దంలో అస్సూలీ కూర్చిన ఒక సమస్య సుమారు వెయ్యేళ్లు ఎవరికీ లొంగలేదు. 20వ శతాబ్దంలో రష్యన్ గ్రాండ్‌మాస్టర్ అవెర్‌బాఖ్ దాన్ని విప్పారు. ఆట ముగింపులో పలికే 'చెక్‌మేట్' అనే మాట 'షాహ్ మాత్' నుండి వచ్చినదే. రాజు నిస్సహాయుడయ్యాడని భావం. మనం ఏనుగు అనే పావును ఇంగ్లీషువారు 'రుఖ్' అనే పాత పేరుతోనే 'రూక్' అంటున్నారు.

ఈ కథలో మన ఉత్తరాంధ్రకూ ఒక చోటు ఉంది. 1883లో లండన్‌లో జరిగిన గొప్ప పోటీలో జుకర్‌టార్ట్ మొదటి స్థానం, స్టైనిట్జ్ రెండో స్థానం పొందారు. దానితోపాటు రెండో శ్రేణి ఆటగాళ్లకు జరిగిన పోటీ పేరు 'విజయనగరం టోర్నమెంట్'. విజయనగరం మహారాజు విరాళమే ఆ పేరుకు కారణం. అప్పటి సంస్థానాధీశుడు ఆనంద గజపతి. జర్మన్ యువకుడు బార్డెలెబెన్ ఆ పోటీలో గెలిచాడు. కోడి రామమూర్తి, కరణం మల్లీశ్వరి వంటి బలశాలుల గడ్డగా పేరుపడిన ఈ ప్రాంతం పేరు, బుద్ధిబలపు ఆట చరిత్రలోనూ ఇలా నిలిచిపోయింది.

ఆడపిల్లకు ఈ ఆట ఎందుకని అడిగేవారికి తెలుగునాటే సమాధానం ఉంది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. తల్లి అయిన తరువాత 2019లోనూ, 2024లోనూ ప్రపంచ మహిళల ర్యాపిడ్ విజేతగా నిలిచారు. ఇరాన్ అమ్మాయిలు తలపై వస్త్రంతోనే అంతర్జాతీయ పోటీల్లో ఆడుతున్నారు.

అకాడమీలో ఏం నేర్పుతారు?

మొదటి వారం పావులు కదపడం కన్నా గళ్ల పేర్లు గుర్తుపట్టడమే పాఠం. అడ్డంగా ఏ నుండి హెచ్ వరకు అక్షరాలు, నిలువుగా 1 నుండి 8 వరకు అంకెలు. ఆ తరువాత ప్రతి ఎత్తునూ కాగితంపై రాసుకోవాలి. ఓడిన ఆటను ఇంటికి తెచ్చి, ఎక్కడ తప్పటడుగు వేశామో వెతకడానికి ఆ కాగితమే ఆధారం. ముట్టిన పావును కదపవలసిందే అన్న నియమం పిల్లలకు తొందరపాటును మాన్పుతుంది. గడియారం నొక్కడం, ఎదుటివారిని కదిలించకుండా మౌనంగా కూర్చోవడం కూడా శిక్షణలో భాగమే.

పోటీలు సాధారణంగా స్విస్ పద్ధతిలో జరుగుతాయి. ఒక ఆట ఓడితే ఇంటికి పంపరు. సమానమైన పాయింట్లు ఉన్నవారితో తరువాతి ఆట వేస్తారు. అందువల్ల కొత్తగా నేర్చుకున్న బిడ్డకూ రోజంతా ఆడే అవకాశం దొరుకుతుంది.

మాకు ఎదురైన అసలు చిక్కు వేరు. మన ప్రాంతం రాష్ట్రానికి తూర్పు కొసన ఉంది. నవంబరు, డిసెంబరు మాసాల్లో ఐదున్నర కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. తరగతి ఐదు నుండి ఆరున్నర వరకు. మగ్రిబ్ సరిగ్గా మధ్యలో వస్తుంది. శిక్షకుణ్ణి కలిసి విషయం చెప్పాము. ఆయన ఎలాంటి అభ్యంతరమూ చెప్పక, ఆ వేళకు పది నిమిషాల విరామం ఇచ్చి, ఒక మూల చాప పరచుకోనిచ్చారు. అడగకుండానే అనుమానపడి ఉంటే ఈ మేలు తెలిసేది కాదు.

పోటీల సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. ఆట మొదలయ్యాక గడియారం నమాజు కోసం ఆగదు. మధ్యవర్తి అనుమతి లేకుండా ప్రాంగణం దాటి వెళ్లకూడదు. కనుక ముందే కార్యక్రమ పట్టిక తెప్పించుకుని, రౌండ్ల మధ్య నమాజు వేళలు కుదురుతాయో లేదో చూసుకోవాలి. జుమా రోజున మగపిల్లలకు పోటీ ఉంటే మరీ ముఖ్యం. ప్రవేశ రుసుముల నుండే నగదు బహుమతులు పంచే పోటీల గురించి విద్వాంసులను అడగకుండా చేరకూడదని మేము నిర్ణయించుకున్నాము. ఫోనులో ఒంటరిగా ఆడే ఆటకు ఇంట్లో అరగంట హద్దు పెట్టాము. నిజం చెప్పాలంటే, చిన్నాయన అరుగు కన్నా నేటి ఫోనే ఎక్కువ ప్రమాదకరం.

మొదటి పోటీకి ఒక ఆదివారం విజయనగరం వెళ్లాము. ఐదు ఆటల్లో మూడు ఓడింది. తిరుగు రైల్లో కిటికీ వైపు తిరిగి కన్నీళ్లు తుడుచుకుంది. నేను ఓదార్చబోతే మా వారు వద్దని సైగ చేశారు. కాసేపటికి తనే సంచిలోంచి కాగితం తీసి, "ఇక్కడ గుర్రాన్ని తొందరపడి కదిపాను, అబ్బా" అని చూపించింది.

ఇల్లు చేరేసరికి ఇషా వేళ అయింది. మా అమ్మ తలుపు తీసి, గెలుపోటముల ఊసెత్తకుండా ముందుగా అడిగింది:

"జుహర్, అసర్ చదివావా?"

"చదివాను నానీ. రెండో ఆటకూ మూడో ఆటకూ నడుమ జుహర్, చివరి ఆట అయ్యాక అసర్. మగ్రిబ్ స్టేషన్లో."

మా అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత మనవరాలి చేతిలోని పెట్టె అందుకుని, మంత్రిని పైకి తీసి చూసింది. "మేము దీన్ని ఫర్జీ అనేవాళ్లం" అంది. "ముందు అన్నం తిను. ఆ ఓడిన ఆట ఏదో రేపు ఫజర్ తరువాత నాకు చూపిద్దువుగాని."