రక్షకులు రాక్షసులైన కథ

తెలంగాణ పల్లెలలో బృహచ్ఛిలాయుగపు రాతి సమాధులను జనులు ‘రాకాసి గుళ్ళు’ అందురు. మనుష్యుల వలన కాదని తోచిన ఆ బండలను రాక్షసులే నిలిపిరని వారి ఊహ. గనిలో దొరకు ఇంధనము రాకాసిబొగ్గు. ఏనాడో అంతరించిన మహాసరీసృపము రాక్షసబల్లి. తెగని తగవు రావణకాష్ఠము. తెలివిరాని నిద్ర కుంభకర్ణుని నిద్ర. తెలుగువారి నాలుకపై ఇంతగా నిలిచిన ఈ యుద్ధప్రియజాతి పుట్టుక యెట్టిదో విచారించినచో ఆశ్చర్యము కలుగక మానదు.

వాల్మీకి రామాయణపు ఉత్తరకాండమున అగస్త్యుడు శ్రీరామునకు ఆ కథ చెప్పెను. ప్రజాపతి తొలుత జలములను సృష్టించి, వానిని కాపాడుటకై కొన్ని ప్రాణులను సృజించెను. ఆకలిదప్పులతోనున్న ఆ ప్రాణులు తమ పని యేమని అడుగగా, ఆయన రక్షింపుడని ఆనతిచ్చెను. ‘రక్షామ’ అన్నవారు రాక్షసులైరి. ‘యక్షామ’ అన్నవారు యక్షులైరి. అనగా ఆ జాతి మొదటి వృత్తి కావలి.

యాస్కుడు నిరుక్తమున మరియొక వ్యుత్పత్తి చూపెను: దేనినుండి రక్షించుకొనవలెనో అది రక్షస్సు. ధాతువొక్కటే. ఒకచోట అది కావలివాని పేరు; వేరొకచోట కావలి పెట్టుకొనవలసిన భయము పేరు. ఈ రెండర్థముల నడుమ నడచినదే రాక్షసుల చరిత్ర.

వారి మూలపురుషులు హేతి, ప్రహేతి అను సోదరులు. ధర్మాత్ముడగు ప్రహేతి తపోవనమునకేగెను. హేతి కాలుని సోదరియగు భయ అను కన్యను పెండ్లాడగా వంశము విస్తరిల్లెను. అతని మనుమడు సుకేశుని కన్నతల్లియే మందరగిరిపై విడిచిపోయెను. ఏడ్చుచున్న ఆ పసికందును పార్వతీపరమేశ్వరులు కరుణించిరి. సుకేశుని కుమారులగు మాల్యవంతుడు, సుమాలి, మాలి విశ్వకర్మ నిర్మించిన లంకలో నివసించి, వరగర్వమున దేవతలను బాధించిరి. విష్ణువు చేతిలో మాలి మడిసెను. మిగిలినవారు పాతాళము చేరిరి. పిమ్మట కుబేరుని వైభవము చూచిన సుమాలి, అట్టి మనుమలను కోరి, తన కూతురు కైకసిని పులస్త్యపుత్రుడగు విశ్రవసుని కడకు పంపెను. ఆ ఋషి బిడ్డలే రావణాదులు.

లంకలో హనుమంతుడు చూచినది క్రౌర్యమొక్కటే కాదు. తెల్లవారుజామున షడంగవేత్తలగు బ్రహ్మరాక్షసుల వేదఘోషను ఆయన వినెను. దూతను చంపరాదన్న విభీషణుని మాటను రావణుడును మన్నించెను. సీతనిచ్చి సంధి చేసికొమ్మని వృద్ధుడగు మాల్యవంతుడు హితవు పలికెను. కుంభకర్ణుడు అన్న తప్పును ముఖముననే నిందించియు, అన్నకొరకే ప్రాణమిచ్చెను. ఆ నగరమున విద్య కలదు, నీతి కలదు, శౌర్యము కలదు. కొరవడినది హితవు వినెడి చెవి.

క్రౌర్యము జన్మముచేతనే వచ్చునదైనచో, ఒక్క కడుపున రావణుడును విభీషణుడును పుట్టనేల? ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అను సామెత విభీషణుని దెప్పుచున్నది. కాని లంకకు చేటు తెచ్చినవాడు గుట్టు చెప్పినవాడు కాదు, మంచిమాట విననివాడు. తరగతిలో అల్లరి బాలుని రాకాసియని పిలుచు ఉపాధ్యాయుడు మందరగిరిపై ఏడ్చిన సుకేశుని ఒకమారు తలచుకొనుట మంచిది.

13వ శతాబ్దమున తిక్కన, 18వ శతాబ్దమున కంకంటి పాపరాజు ఉత్తరకాండ కథను తెలుగున కావ్యములుగా రచించిరి. విద్యార్థులు వానిని చదువునపుడు రావణుని అంత్యక్రియలను సైతము జ్ఞప్తియందుంచుకొనవలెను. మరణముతో వైరము ముగిసెనని పలికి, శ్రీరాముడే వానిని విభీషణునిచేత జరిపించెను.

రాకాసి గుళ్ళను పురాతత్త్వవేత్తలు త్రవ్వి చూచిరి. వారికి లభించినవి మనుష్యుల ఎముకలు, కుండలు, ఇనుప పనిముట్లు. ఆ బండలు నిలిపినవారు ఈ నేలపై బ్రదికిన పూర్వులే.