బాల్యంలో మూత్రపిండాల వ్యాధి - యౌవనంలో గుండెకు ముప్పు

గుండెజబ్బు అనగానే ఏబది యేండ్లు దాటిన వ్యక్తి మన మనస్సులో మెదలుతాడు. బాల్యంలోనే మూత్రపిండాలు చెడిపోయిన వారి విషయంలో ఈ లెక్క తప్పుతున్నది. ఇరువది, ముప్పది యేండ్ల ప్రాయంలోనే వారి రక్తనాళాలు వృద్ధుల రక్తనాళాలవలె గట్టిపడవచ్చును. ఇందుకు గల కారణాలు, నివారణోపాయాలు విద్యార్థులు తెలుసుకొనదగినవని భావించి, వైద్యులము కాకపోయినను, సంగ్రహంగా వివరింప పూనుకొన్నాము.

మూత్రపిండాల పని మూత్రాన్ని తయారుచేయడమేనని చాలామంది అనుకొంటారు. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల సూక్ష్మమైన వడపోత గొట్టాలున్నాయి. రెండు మూత్రపిండాలు కలిసి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో ఒకటి రెండు లీటర్లను మాత్రమే బయటికి పంపి, తక్కినదానిని రక్తానికే తిరిగి అప్పగిస్తాయి. రక్తపోటును అదుపులో ఉంచడం, ఎర్రకణాల ఉత్పత్తిని ప్రేరేపించడం, విటమిన్ డి ని శరీరానికి పనికివచ్చే రూపంలోకి మార్చడం, అధికమైన భాస్వరాన్ని విసర్జించడం కూడా వీటి బాధ్యతలే.

ఈ పనులు కుంటుపడినప్పుడు ఆ భారం గుండెపై పడుతుంది. ఉప్పు, నీరు శరీరంలో నిలిచిపోయి రక్తపోటు పెరుగుతుంది. ఎర్రకణాలు తగ్గి రక్తహీనత కలుగుతుంది. ఈ రెండింటి ఒత్తిడికి గుండె ఎడమ జఠరిక గోడ దళసరి అవుతుంది. మరొకవైపు రక్తంలో భాస్వరం పెరిగి, ధమనుల గోడలలోని కండర కణాలు క్రమంగా ఎముక కణాల స్వభావాన్ని పొందుతాయి. అక్కడ కాల్షియం పేరుకొని, రబ్బరు గొట్టంవలె సాగవలసిన ధమని బిరుసెక్కుతుంది. ఏండ్ల తరబడి సాగే ఈ మార్పు నొప్పి రూపంలో బయటపడకపోవచ్చును. ప్రమాదమంతా ఈ మౌనంలోనే ఉన్నది.

ఒకప్పుడు ఈ సమస్య వైద్యుల దృష్టికే రాలేదు. ఆ పిల్లలు యౌవనం వరకు జీవించడమే అరుదు. 1943లో నెదర్లాండ్స్‌లో విలియం కోల్ఫ్ కృత్రిమ మూత్రపిండాన్ని రూపొందించాడు. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ మర్రే మూత్రపిండ మార్పిడిని విజయవంతంగా నిర్వహించాడు. తరువాతి దశాబ్దాలలో ఈ చికిత్సలు పిల్లలకూ అంది, వారు పెద్దవారయ్యారు. అప్పుడు గాని గుండె సంగతి తెలిసిరాలేదు. 2000 సంవత్సరంలో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో డయాలిసిస్ పొందుతున్న 39 మందిని పరీక్షించారు. ఇరువది యేండ్లలోపు వారు 23 మంది. వారిలో ఒక్కరికీ గుండె ధమనులలో కాల్షియం కనబడలేదు. ఇరువది నుండి ముప్పది యేండ్లవారు 16 మంది. వారిలో 14 మందికి కనబడినది!

అయితే నిరాశ చెందనక్కరలేదు. రక్తపోటును పట్టుదలతో అదుపులో ఉంచినచో పిల్లలలో మూత్రపిండాల క్షీణత మందగిస్తుందని 2009లో ఐరోపా పరిశోధకులు నిరూపించారు. ఉప్పు తగ్గించడం, భాస్వరాన్ని పట్టియుంచే మాత్రలను భోజనంతోపాటు తీసికొనడం, రక్తహీనతకు చికిత్స పొందడం, పొగాకుకు దూరంగా ఉండడం, వైద్యుని సలహాపై వ్యాయామం చేయడం, గుండెను క్రమంగా పరీక్ష చేయించుకొనడం ముఖ్యం. మూత్రపిండ మార్పిడి వలన ముప్పు చాలావరకు తగ్గుతుంది. కాని ఆ తరువాత వాడే కొన్ని మందులు రక్తపోటును, కొవ్వును, చక్కెరను పెంచగలవు కనుక జాగరూకత తప్పదు.

పదునెనిమిదేండ్ల ప్రాయం ఈ రోగులకు కీలకమైన మలుపు. అంతవరకు వేళకు మందులిచ్చిన తల్లి ఊరిలో ఉండిపోతుంది. బిడ్డ హాస్టలుకు వస్తాడు. పిల్లల వైద్యుని వదలి పెద్దల వైద్యుని వద్దకు మారవలసి వస్తుంది. తోటివారికి జబ్బు తెలియరాదన్న బిడియంతో మాత్రలు మానివేయడం కూడా జరుగుతుంది. ఊరగాయ, అప్పడం, సీసాలలోని నల్లని శీతల పానీయాలు అతనికి హానికరం. ఆత్మీయతతో మనమిచ్చే కొబ్బరినీళ్లు సైతం ప్రమాదమే. అందులోని పొటాషియం బయటికి పోలేక గుండె లయను దెబ్బతీయగలదు.

కావున మిత్రుడు "వద్దు" అన్నప్పుడు బలవంతపెట్టకుండుట స్నేహధర్మం. సాధారణంగా డయాలిసిస్‌కు వారానికి మూడుసార్లు, ఒక్కొక్కసారి నాలుగు గంటల కాలం పడుతుంది. అట్టి విద్యార్థి హాజరు తక్కువైనచో దానిని సోమరితనంగా భావించక, నియమాలు అనుమతించు మేరకు సడలింపునివ్వడం, హాస్టలులో ఉప్పు తక్కువగా గల భోజనం ఏర్పాటు చేయడం కళాశాల సంఘం తలచుకొంటే అసాధ్యం కాదు. ఏటా ఒకమారు విద్యార్థులందరికీ రక్తపోటు, మూత్ర పరీక్షలు జరిపించినచో, తెలియక దాగియున్న వ్యాధి కూడా కొందరిలో ముందే బయటపడుతుంది. వైద్యశాస్త్రం ఈ పిల్లలను యౌవనం దాకా చేర్చినది. అక్కడినుండి వారి చదువు, వారి ఆరోగ్యం ఒకదానికొకటి అడ్డుకాకుండ చూడవలసిన బాధ్యత మనందరిది.