పాత కార్బ్యురేటరు – కొత్త పెట్రోలు

1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ ఎదుట, సాయంకాలపు రద్దీలో మా పాత మోటారు సైకిలు మాటిమాటికీ ఆగిపోయేది. కార్బ్యురేటరును విప్పి కడిగాము, ఫలితం శూన్యం. కారణం పెట్రోలులోనే ఉన్నది.

ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు, బరువు లెక్కన, సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఇథనాలుకు 9 పాళ్లు చాలును. నేటి పెట్రోలులో ఇథనాలు 20 శాతం వరకు ఉన్నది. కనుక పాత అమరికలో గాలి అధికమవుతున్నది.

ఇంజను వేడెక్కిన పిదప, బుల్లెట్టు వంటి బండ్లలో గాలి దారినున్న స్క్రూను పావు చుట్టు చొప్పున బిగిస్తూ, శబ్దం నిలకడగా వినిపించిన చోట ఆపాలి. ఇది నెమ్మది నడకకే. వేగానికై క్లిప్పును ఒక గాడి దించి సూదిని పైకెత్తాలి. ఆ పిదప స్పార్కు ప్లగ్గు తెల్లబడితే గాలి హెచ్చు. మసిబారితే పెట్రోలు హెచ్చు. బిస్కట్టు రంగైతే సరి. జెట్టును మాత్రం తీగతో పొడవరాదు. రంధ్రం పెరిగితే ఈ లెక్కలన్నీ తారుమారే.