జ్ఞానదంతం తీయాలంటే దవడంతా కోయాలా?

నోటిలో అన్నిటికన్నా వెనుక, అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చే పళ్లను జ్ఞానదంతాలు అంటారు. ఇవి సాధారణంగా 17 నుండి 25 ఏళ్ల మధ్య వస్తాయి. అప్పటికి దవడలో చోటు లేకపోతే పన్ను అడ్డం తిరిగి ముందు పన్నుకు ఆని ఆగిపోతుంది. లేదా సగమే పైకి వచ్చి, మిగతా సగంమీద చిగురు మూతలా ఉండిపోతుంది. ఆ మూత కింద మెతుకులు చేరి చీము పడుతుంది, చెంప వాస్తుంది, నోరు తెరవడం కష్టమవుతుంది.

బాధ పెట్టని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్త పేరుతో తీయించనక్కర లేదు. బ్రిటన్‌లో 2000లోనే వైద్యులకు ఈ మేరకు సూచనలు ఇచ్చారు. పదేపదే చీము పట్టినా, పన్ను పుచ్చినా, పక్క పన్ను పాడవుతున్నా తీయించక తప్పదు. పన్ను తీస్తే చూపు తగ్గుతుందన్న భయం మాత్రం వద్దు. పళ్లకు వెళ్లే నరాలు వేరు, చూపునిచ్చే నరం వేరు.

ఇరుకు గుమ్మంలోంచి మంచాన్ని బయటకు తేవాలంటే గోడ పగలగొట్టము, కోళ్లు విప్పుతాము. ఇక్కడా అంతే. చిగురుకు చిన్న గాటు పెట్టి, పన్నును లోపలే రెండు మూడు ముక్కలుగా కోసి ఒక్కొక్కటే తీస్తారు. ఎముక తక్కువ చెక్కుతారు కనుక వాపు, నొప్పి తగ్గుతాయి. కొన్నిచోట్ల ఎముకను కోయడానికి పీజో అనే పరికరం వాడతారు. అది సూక్ష్మమైన కంపనాలతో ఎముకను కోస్తుంది, మెత్తని భాగాలకు అంతగా హాని చేయదు. కాకపోతే సమయం ఎక్కువ పడుతుంది. చాలామందికి ఆ చోట మత్తు ఇంజెక్షను సరిపోతుంది, అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు.

వేర్లు వదిలేశారేమిటి?

కుటుంబసభ్యులు ఎక్కువగా కలతపడేది ఈ విషయంలోనే. కింది దవడ ఎముకలో ఒక సన్నని గొట్టం వంటి దారిలో నరం వెళుతుంది. కింది పెదవికి, గడ్డానికి స్పర్శ తెలిసేది దానివల్లే. కొందరికి జ్ఞానదంతం వేర్లు ఆ నరాన్ని దాదాపు తాకుతూ ఉంటాయి. వేర్లు పెకలించేటప్పుడు నరం నలిగితే పెదవి మొద్దుబారుతుంది. చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గుతుంది కాని కొద్దిమందికి అలాగే ఉండిపోతుంది.

ఎక్స్‌రేలో, అవసరమైతే స్కానింగులో ఈ ప్రమాదం కనబడితే, పన్ను పైభాగం మాత్రమే తీసి వేర్లను కావాలనే వదిలిపెడతారు. దీనిని కరోనెక్టమీ అంటారు. ఇది పని సగంలో ఆపడం కాదు. వేర్లమీద ఎముక, చిగురు మూసుకుంటాయి. కొన్నిసార్లు ఆ వేర్లు నెమ్మదిగా పైకి జరుగుతాయి. అప్పుడు తీయవలసి వచ్చినా అవి నరానికి దూరమై ఉంటాయి. పుచ్చు లోపలిదాకా పోయిన పన్నుకు, వేర్లు కదిలిపోయిన పన్నుకు ఈ పద్ధతి పనికిరాదు. చేయించుకున్నవారు ఆ కాగితాలను, ఎక్స్‌రేను భద్రపరచి, తరువాత ఏ దంతవైద్యుని వద్దకు వెళ్లినా చూపించాలి.

ఇంటివద్ద

రక్తం పలచబడే మాత్రలు, ఎముకల బలానికి ఇంజెక్షన్లు, షుగరు, గర్భం ఉంటే ముందే చెప్పండి. మాత్రలు సొంతంగా మానవద్దు. ఆపరేషను తరువాత గాజుగుడ్డను అరగంట పైగా గట్టిగా కొరికి ఉంచాలి. మొదటి రోజు పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు. కొబ్బరినీళ్లు తాగించవచ్చు కాని గొట్టంతో పీల్చనీయవద్దు. గుంతలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే మూడు నాలుగు రోజులకు చెవిదాకా తీవ్రమైన నొప్పి వస్తుంది. బీడీ, సిగరెట్టు వల్ల కూడా ఇలా అవుతుంది. చల్లారిన జావ, పెరుగన్నం పెట్టండి. మర్నాటినుండి గోరువెచ్చని ఉప్పునీటితో మెల్లగా పుక్కిలించాలి.

వాపు రెండు మూడు రోజులు పెరిగి తరువాత తగ్గుతుంది. అలా కాక మూడో రోజు దాటాక కూడా పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, రక్తం ఆగకపోయినా ఆస్పత్రికి తీసుకురండి. మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉంటే రాత్రివేళైనా ఆలస్యం చేయవద్దు.