అస్థి కండరం - నిర్మాణం, పనితీరు: కొండదారి నడక ఆధారంగా 'సంకోచం' పదపరిశీలన

వ్యాససంగ్రహం:

శరీర కదలికకు మూలమైన అస్థి కండరం నిర్మాణాన్ని, పనితీరును తెలుగులో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. కండరం చేసే పనికంతటికీ మన పాఠ్యపుస్తకాల్లో 'సంకోచం' అన్న మాటే స్థిరపడింది. పాడేరు ప్రాంతంలో కొండ ఎక్కే, దిగే, బరువు మోసే మనిషి కండరాలను పరిశీలిస్తే, ఈ మాట ఆ పనిలో ఒక భాగాన్ని మాత్రమే సూచిస్తుందని తెలుస్తుంది. ఈ లోటును పూరించడానికి 'బిగింపు' అన్న మాటను ఆధారపదంగా ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అస్థి కండరం, సార్కోమియర్, సంకోచం, బిగింపు, ఎల్లాప్రగడ సుబ్బారావు, పాడేరు, పారిభాషిక పదాలు.

1. ప్రవేశిక:

తూర్పు కనుమల్లో సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న పాడేరు, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రం. ఇక్కడి కొండగ్రామాల్లో సంతకు వెళ్లాలన్నా, బడికి వెళ్లాలన్నా ఎక్కడం, దిగడం తప్పదు. రోడ్డు లేని ఊళ్లలో రోగులను, గర్భిణులను నేటికీ డోలీలో మోసుకురావలసి వస్తున్నది. కండరం పనితీరును బోధించడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఉండదు. అయితే ఈ విద్యార్థుల్లో చాలామందికి ఇంటిభాష కువి గాని, ఆదివాసీ ఒడియా గాని అయి ఉంటుంది. తెలుగే రెండవ భాష అయినవారికి సంస్కృత పారిభాషిక పదం మరింత దూరమవుతుంది. కాబట్టి ఆ పదం తాను సూచించే విషయాన్ని సరిగా పట్టి ఇస్తున్నదా అని పరిశీలించవలసి ఉంది.

2. అస్థి కండరం - నిర్మాణం:

శరీరంలోని కండరాలు మూడు రకాలు: అస్థి కండరం, హృదయ కండరం, నునుపు కండరం. అస్థి కండరాలు 600కు పైగా ఉన్నాయి. ఆరోగ్యవంతులైన వయోజనుల శరీర బరువులో ఇవి సుమారు 40 శాతం వరకు ఉంటాయి. 'అస్థి' అన్నది ఇక్కడ ఎముకలో ఉండే కండరమని కాక, ఎముకను కదిలించే కండరమని అర్థమిస్తుంది. ఎక్కువ కండరాలు స్నాయుబంధనాల ద్వారా ఎముకలకు అతికి ఉంటాయి. పిక్క కింద మడమ దగ్గర చేతికి గట్టిగా తగిలేది అటువంటి స్నాయుబంధనమే.

ఒక కండరాన్ని కొబ్బరితాడుతో పోల్చవచ్చు. తాడులో పురులు, పురుల్లో పీచు ఉన్నట్లే, కండరంలో కట్టలు, కట్టల్లో కండర తంతువులు ఉంటాయి. ఒక్కొక్క కండర తంతువు ఒక్కొక్క కణం. దాని మందం మీటరులో పది లక్షలవ వంతు కొలతలో 10 నుంచి 100 వరకు ఉంటుంది. పొడవు మాత్రం కొన్ని కండరాల్లో అనేక సెంటీమీటర్లు. ప్రతి కణంలోనూ అనేక కేంద్రకాలుంటాయి. కణం లోపల పొడవునా సూక్ష్మతంతువులు, వాటిలో రెండు రకాల ప్రోటీన్ పోగులు అమరి ఉంటాయి. మందమైనవి మయోసిన్ పోగులు, సన్ననివి ఆక్టిన్ పోగులు. ఇవి ఒకదాని పక్కన ఒకటి క్రమంగా ఉండడం వల్లనే సూక్ష్మదర్శినిలో చారలు కనిపిస్తాయి. 'రేఖిత కండరం' అన్న పేరుకు కారణమిదే. ఒక జడ్ గీత నుంచి తరువాతి జడ్ గీత వరకు ఉండే భాగాన్ని సార్కోమియర్ అంటారు. కండరం పని చేసే కనీస ప్రమాణం ఇదే.

3. బలం పుట్టే విధానం:

నాడి ద్వారా వచ్చిన ప్రేరణ కండర కణంపై ఎసిటైల్ కోలిన్‌ను విడుదల చేయిస్తుంది. కణత్వచం మీద విద్యుత్ ప్రేరణ వ్యాపిస్తుంది. దాంతో సార్కోప్లాస్మిక్ రెటిక్యులంలో నిల్వ ఉన్న కాల్షియం బయటికి వస్తుంది. అది ట్రోపోనిన్‌తో కలిసినప్పుడు, ఆక్టిన్ పోగుపై ఉన్న ట్రోపోమయోసిన్ పక్కకు జరుగుతుంది. అప్పుడు మయోసిన్ తలలు ఆక్టిన్‌ను పట్టుకొని లాగుతాయి. కొత్త ఏటీపీ అణువు వచ్చి చేరితేనే ఆ పట్టు విడుతుంది. మనిషి చనిపోయిన కొన్ని గంటలకు దేహం బిగుసుకుపోవడానికి కారణం ఏటీపీ అడుగంటి ఈ పట్లు విడివడకపోవడమే. కాల్షియాన్ని తిరిగి నిల్వకు చేర్చడానికి కూడా ఏటీపీ కావాలి. అంటే కండరం సడలడానికి సైతం శక్తి ఖర్చవుతుంది.

ఈ క్రమంలో పోగుల పొడవు తగ్గదు. అవి ఒకదానిపై ఒకటి జారుతాయి. 1954లో ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కే ఒకవైపు, హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ మరొకవైపు 'నేచర్' పత్రిక ఒకే సంచికలో ఈ విషయాన్ని విడివిడిగా ప్రకటించారు. దీనినే జారుడు తంతు సిద్ధాంతం అంటున్నాం. కండరం లాగగలదే గాని నెట్టలేదు. అందుకే మోచేతిని ముడవడానికి ద్విశిర కండరం, చాచడానికి త్రిశిర కండరం జంటగా ఉన్నాయి.

4. కండరానికి శక్తి - ఎల్లాప్రగడ సుబ్బారావు కృషి:

కండరం శక్తి మూలాన్ని తెలుసుకోవడంలో ఒక తెలుగు శాస్త్రవేత్త పాత్ర ప్రధానమైనది. 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. వీరు 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి నేటికీ వారి పేర్లతోనే ప్రసిద్ధం. లాక్టిక్ ఆమ్లమే కండరాన్ని పని చేయిస్తుందని అప్పటి శాస్త్రలోకం భావిస్తున్నది. 1927లో ఫిస్కే, సుబ్బారావు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. కండరం పనిచేసినప్పుడు ఇది విడిపోతుందని, విశ్రాంతిలో తిరిగి ఏర్పడుతుందని చూపారు. అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఈ పదార్థాన్ని కనుగొన్నారు. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావు ఏటీపీని విడివిడిగా వెలికితీశారు. లాక్టిక్ ఆమ్లం ఏర్పడకుండానే కండరం పనిచేయగలదని 1930లో లుండ్స్‌గార్డ్ నిరూపించడంతో పాత భావన వీగిపోయింది.

తీవ్రమైన శ్రమలో, కండరంలో సిద్ధంగా ఉన్న ఏటీపీ రెండు మూడు సెకన్లకు సరిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ మరో పది సెకన్ల వరకు ఆదుకుంటుంది. తరువాత గ్లైకోజెన్ విచ్ఛిన్నం, దీర్ఘశ్రమలో ఆక్సిజన్ సాయంతో పిండిపదార్థాలు, కొవ్వుల దహనం ప్రధానమవుతాయి. గంటల తరబడి సాగే కొండనడక ఈ చివరి మార్గంపై ఆధారపడినది.

5. కొండదారిలో కండరం చేసే మూడు పనులు:

కొండ ఎక్కేటప్పుడు పై అడుగు మోకాలు చాచుకుంటుంది. తొడ ముందుభాగపు కండరం పొట్టిగా అవుతూ శరీరాన్ని పైకి లేపుతుంది. 'సంకోచం' అన్న మాట ఇక్కడ సరిగ్గా అతుకుతుంది.

డోలీ కర్రను భుజాన నిలిపి పట్టుకున్నప్పుడు చేతి కండరాలు బిగుసుకుంటాయి గాని, వాటి పొడవు దాదాపు మారదు. గట్టిగా బిగిసిన కండరం తనలోని రక్తనాళాలను తానే నొక్కుతుంది. రక్తప్రసరణ తగ్గడం వల్ల త్వరగా అలసిపోతుంది. మోసేవారు భుజం మార్చుకోవడం వెనుక కర్ర ఒత్తిడితో పాటు ఈ కారణం కూడా ఉంది.

కొండ దిగేటప్పుడు పరిస్థితి తలకిందులవుతుంది. ప్రతి అడుగులోనూ మోకాలు కొద్దిగా ముడుచుకుంటుంటే, శరీరం కూలిపోకుండా అదే తొడ కండరం పట్టి నిలుపుతుంది. అది బిగిసే ఉంటుంది, కాని పొడవు పెరుగుతుంది. మయోసిన్ తలలు పట్టుకొని ఉండగానే పోగులు ఎడంగా లాగబడతాయి. ఈ స్థితిలో కండరం ఎక్కువ బలాన్ని ఇస్తుంది. శక్తి మాత్రం తక్కువ ఖర్చవుతుంది. అందుకే దిగుడులో ఆయాసం తక్కువ. కాని తక్కువ తంతువుల మీద ఎక్కువ భారం పడడంతో కొన్ని సార్కోమియర్లు దెబ్బతింటాయి. మైదానం నుంచి వచ్చి కొండ ఎక్కి దిగినవారికి ఒకటి రెండు రోజుల తరువాత తొడలు నొప్పెట్టడానికి ప్రధాన కారణం ఇదే. 'లాక్టిక్ ఆమ్లం పేరుకోవడం వల్ల' అన్న వివరణ సరికాదు; శ్రమ ముగిసిన గంట, రెండు గంటల్లోనే ఆ ఆమ్లం మామూలు స్థాయికి వస్తుంది. అదే పనిని మళ్లీ మళ్లీ చేసినప్పుడు కండరం సర్దుకుంటుంది. నిత్యం కొండ దిగేవారికి ఈ నొప్పి అంతగా కలగకపోవడం ఈ సర్దుబాటు ఫలితమే గాని, జాతిసహజమైన ప్రత్యేకత కాదు.

6. 'సంకోచం' - పదపరిశీలన:

'సంకోచం' అంటే ముడుచుకోవడం. వాడుక తెలుగులో దీనికి జంకు, మొహమాటం అన్న అర్థమే ముందు స్ఫురిస్తుంది. పై మూడు పనుల్లో మొదటిదానికి మాత్రమే ఈ మాట సరిపోతుంది. కొండ దిగే కండరం సాగుతూ ఉండగా దానిని 'సంకోచం' అనడం విద్యార్థిని తికమకపెడుతుంది. ఇంగ్లీషులోని 'కంట్రాక్షన్' అన్న మాటకూ ఇదే చిక్కు ఉంది. మనం దానిని యథాతథంగా తెచ్చుకున్నాం.

మూడు పనుల్లోనూ సమానంగా ఉన్నది బిగువు. కాబట్టి 'బిగింపు'ను ఆధారపదంగా తీసుకొని, కుదింపు బిగింపు, నిలకడ బిగింపు, సాగుదల బిగింపు అని మూడు పేర్లు ఏర్పరచుకోవచ్చు. 'పిక్క బిగిసింది', 'కండ బిగించాడు' అన్న వాడుకలు ఈ పదాలకు బలమిస్తాయి. పరీక్షల అవసరం దృష్ట్యా 'సంకోచం'ను తొలగించనక్కరలేదు. మొదటి రకానికి దానిని పర్యాయపదంగా ఉంచవచ్చు.

'నియంత్రిత కండరం' అన్న పేరు విషయంలోనూ ఇటువంటి జాగ్రత్త అవసరం. విభాజక పటలం అస్థి కండరమే అయినా, నిద్రలోనూ మన ప్రయత్నం లేకుండానే శ్వాసను నడుపుతుంది. ఇచ్ఛకు లోబడగలదన్నంత వరకే ఆ పేరును గ్రహించాలి.

7. ముగింపు:

అస్థి కండరం ఎప్పుడూ లాగుతుంది. ఆ లాగుడులో అది కుదించుకోవచ్చు, నిలవవచ్చు, సాగవచ్చు. 'బిగింపు' అన్న మాట ఈ మూడింటినీ పట్టి ఇస్తుందని పై పరిశీలన వల్ల తెలుస్తున్నది. కొండదారి నడిచిన విద్యార్థికి ఈ శాస్త్రవిషయం శరీరానుభవంగా ముందే తెలుసు. పాఠంలోని మాట దానికి అడ్డు రాకుండా ఉంటే చాలు. మరొక అంశం కూడా గమనించదగినది. కండరం శిక్షణతో బలపడుతుంది, సర్దుకుంటుంది; కాని దాని శక్తి నిల్వలకు, ఓర్పుకు హద్దులున్నాయి. ఆ హద్దులను తెలిపే శాస్త్రమే, డోలీ మోసే భుజం రోడ్డుకు, అంబులెన్సుకు ప్రత్యామ్నాయం కాజాలదని కూడా తెలుపుతున్నది.