నాన్న కొలిమికి థర్మామీటరు

"ఆచారిగారూ, ఈ కత్తి పదును పూటైనా నిలవట్లేదండి" అంటూ కొబ్బరి దింపు తీసే ఆయన మా అరుగు మీద కత్తి పెట్టాడు. ఆ నెలలో వెనక్కొచ్చిన మూడో కత్తి అది. నాన్న మారుమాట్లాడకుండా డబ్బులు తిరిగిచ్చేశాడు. రాత్రి అన్నం సగంలోనే లేచిపోయాడు.

కోనసీమలో ముప్ఫై ఐదేళ్లుగా కత్తులు చేస్తున్న మనిషికి చెయ్యి తప్పిందంటే నేను నమ్మలేదు. తప్పింది చెయ్యి కాదు, కళ్లు. రెండు నెలల కిందటే రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. శుక్లం పట్టిన కంటి లెన్స్ ఏళ్ల తరబడి పసుపు, గోధుమ రంగులోకి తిరుగుతుంది. దాన్ని తీసేసి కొత్తది పెడితే లోకం తెల్లగా, వెలుతురుగా కనిపిస్తుంది. సంతోషమే. కానీ నాన్న కొలిమి లెక్కంతా రంగు మీదే. ఇనుము దొండపండు రంగుకి రాగానే తీసి నూనెలో ముంచాలి. ఇప్పుడు ఆ రంగు ముందే కనిపించేస్తోంది. చాలినంత కాలకుండానే తీసేస్తున్నాడు.

ఈ మాట నాన్నతో ఎలా అనాలో తెలీలేదు. అందుకే "సరదాగా ఒక మీటరు పెడతాను నాన్నా" అన్నాను. "పెట్టుకోరా" అన్నాడు.

కరోనా రోజుల్లో కొన్న గన్ థర్మామీటరు ఉంది కదా అని ముందు అదే గురిపెట్టాను. అది మనిషి నుదుటికి పనికొస్తుంది, కొలిమికి కాదు. కావలసింది కె టైప్ థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహపు తీగల్ని ఒక చివర కలిపితే, ఆ చివర వేడెక్కినప్పుడు రెండో వైపు చిన్న వోల్టేజీ పుడుతుంది. 1821లో సీబెక్ గమనించిన సంగతే ఇది. ఈ రకంలో డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు వస్తుంది. దాన్ని డిగ్రీల్లోకి మార్చే చిన్న బోర్డు, ఒక ఆర్డుయినో నానో, బుల్లి స్క్రీను... మొత్తం రెండు వేల లోపే అయింది.

మొదటి తీగ ఒక్క గంటలో పోయింది. దాని మీద ఉన్నది గాజునార తొడుగు, కొలిమి వేడికి ఆగలేదు. పింగాణీ గొట్టంలో ఉండేది తెప్పించాను. అప్పుడు వింత! బ్లోయర్ వేసేకొద్దీ స్క్రీన్ మీద అంకె కిందికి పోతోంది. రాత్రంతా కోడ్‌లో తప్పు వెతికాను (మా వృత్తి జబ్బు). ఇంతకీ తప్పు తీగల్లో ఉంది. ఎరుపంటే ప్లస్ అని మనకి అలవాటు. అమెరికా పద్ధతి థర్మోకపుల్‌లో పసుపు ప్లస్, ఎరుపు మైనస్. ఇంకో మాట, తీగ పొట్టిదైందని మామూలు రాగి వైరు అతికించకండి. ఆ అతుకు కొలిమి పక్కన వేడెక్కితే అంకె ఆ మేరకు తగ్గి చూపిస్తుంది. అదే రకం తీగతోనే పొడిగించాలి. బోర్డు కూడా చూసి కొనాలి. చవకని కొన్న మాక్స్ 6675 దాదాపు 1024 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. బొగ్గుల నడిమధ్య అంతకంటే ఎక్కువే ఉంటుంది. మాక్స్ 31855కి మారాను. కోడ్ రానివాళ్లు కె టైప్ తీసుకునే రెడీమేడ్ ఇండికేటర్ కొనుక్కుంటే సరి.

అంతా అయ్యాక కూడా అంకె నిలవదు. బెత్తెడు జరిపితే వందల డిగ్రీల తేడా. నాన్న కాసేపు చూసి, "నువ్వు కొలిచేది మంటనిరా, ఇనుముని కాదు" అన్నాడు. పాత ఇనుప గొట్టం ఒకటి తెచ్చి, ఒక చివర సన్న బెజ్జం వదిలి మూసేసి, బొగ్గుల మధ్య పడుకోబెట్టాడు. కత్తి గొట్టంలోకి వెళ్లింది. బెజ్జంలోంచి థర్మోకపుల్ మొన దాని పక్కకు చేరింది. అంకె కుదురుకుంది. నిజమేనా అని ఇనుప గరిటెలో వంట ఉప్పు పెట్టి చూశాం. ఉప్పు కరిగేది 801 డిగ్రీల దగ్గర. కరిగేటప్పుడు స్క్రీన్ మీద 793. కొలిమికి అది చాలు.

ఇక అసలు పరీక్ష. స్క్రీను నావైపు తిప్పుకుని, "నీ లెక్క ప్రకారం తియ్యి నాన్నా" అన్నాను. గొట్టంలోకి తొంగి చూసి "ఇదీ రంగు" అని తీశాడు. 748. లారీ కమాను పట్టీ ఉక్కుకి 830 నుంచి 870 దాకా కావాలి. రెండో కత్తిని 850 దాకా ఆపమన్నాను. "మాడిపోతోందిరా!" అని రెండుసార్లు పట్టకారు చాచాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

నూనెలోంచి తీసిన రెండిటి మీదా ఆకురాయి వేశాడు. మొదటిదాన్ని అది కొరికింది. రెండోదాని మీద గాజు మీదలా జారిపోయింది. మళ్లీ మొదటిదాని మీద వేశాడు. మళ్లీ రెండోదాని మీద.

"ఎన్నాళ్లయిందిరా, నేనిలా తీస్తూ?" అన్నాడు.

"ఆపరేషన్ అయినప్పట్నుంచి."

పుస్తకం తెప్పించి, ఆ రెండు నెలల్లో కత్తులు తీసుకెళ్లిన వాళ్ల పేర్లు చదవమన్నాడు. పదకొండు మంది. మర్నాడు సైకిలేసుకుని బయల్దేరాడు. సాయంత్రానికి ఏడు కత్తులు తెచ్చాడు. ఒకాయన ఇవ్వనన్నాడట, "బానే తెగుతోందండి ఆచారిగారూ" అని మొహమాటపడి. రేపు మళ్లీ వెళ్తానంటున్నాడు.